నకిరేకల్ అక్కకు, ఇంకా చాలామందికి

నిన్న రాత్రే అత్తమ్మను హైదరాబాద్ నుంచి ఇంటికి తీసుకొచ్చాం. తుంటి ఆపరేషన్ బాగానే అయింది. వాకర్ పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా నడుస్తున్నారు. ఫోన్లు చేసిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా ఒకేసారి రాస్తున్నాను. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, అటూ ఇటూ రాస్తే సర్దుకుని చదువుకోండి.

మా ఆయన, మా తమ్ముడు, ఆడపడుచు వంతులు వేసుకుని చూసుకున్నారు. వాళ్ళకు వేరే చెప్పేదేముంది, ఇంటివాళ్ళే కదా. నేను కూర్చుని రాసేది ఒక అక్క గురించి. పేరు రాయొద్దంది. నకిరేకల్ దిక్కు ఊరు, అంతవరకు రాయొచ్చంది.

ముందు నారు సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా అర్థం కాదు. మన నల్గొండలో మిద్దె మీద టమాట, వంగ, మిరప ఎండలు ముదరక ముందే కాపుకు రావాలంటే సంక్రాంతికే నారు పోసుకోవాలి. శివరాత్రి దాకా ఆగితే మొక్క పూతకొచ్చేసరికి ఏప్రిల్ అయిపోతుంది. పగటి ఎండ 35 దాటిందంటే టమాట పూత నిలవదు, పిందె కట్టకుండానే రాలుతుంది. పోనీ సంక్రాంతికే మిద్దె మీద పోద్దామంటే ఆ చలికి మిరప గింజ కదలదు, దానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. చలిని ఎట్లాగో తట్టుకున్నా కోతులు బతకనియ్యవు. అందుకని నేను ఏటా నారు ఇంట్లోనే పోస్తాను. మొలక పైకొచ్చేదాకా ట్రేలు ఫ్రిజ్ మీద, అక్కడ కొంచెం వెచ్చగా ఉంటుంది కాబట్టి. మొలక కనబడగానే బెడ్రూంలో తూర్పు కిటికీ దగ్గరికి. వెలుతురు చాలకపోతే కాడలు సన్నగా సాగి వాలిపోతాయి. మా ఇంటికొచ్చిన చుట్టాలు బెడ్రూంలో బురద ఏందని అడగడం మాకు అలవాటే.

ఈసారి ట్రేల్లో ఒకటి అత్తమ్మది. ముళ్ళ వంకాయ, వాళ్ళ పుట్టింటి నుంచి వచ్చిన విత్తనం. కాయను చెట్టు మీదనే పసుపు తిరిగేదాకా వదిలి, గింజ తీసి, కడిగి, నీడకు ఆరబెట్టి, బూడిదలో కలిపి చిన్న డబ్బాలో దాస్తారు. నిరుడు వానలకు చెట్లన్నీ పోయాయి. డబ్బాలో ఉన్న చిటికెడు గింజలే ఆఖరు. అవి తెల్లగా మెడ లేపి ఆకులు విప్పుతున్న సమయానికి అత్తమ్మ బాత్రూంలో జారిపడ్డారు.

దవాఖానలో ఉన్నన్ని రోజులు నాకు రెండు టెన్షన్లు. ఒకటి పైకి చెప్పుకునేది, ఇంకొకటి చెప్పుకోలేనిది. మెట్ల మీద నిలబడి మా ఆయనకు ఫోన్ చేసి "కిటికీ తెరిచావా, నీళ్ళు ఎన్ని పోశావు" అని అడుగుతుంటే దగ్గరి చుట్టం ఒకామె విని, "ముసలామె తుంటి విరిగి పడుకుంటే నీకు మొక్కల రంది పట్టిందా" అంది. ఏం చెప్తాను? మత్తు దిగి కళ్ళు తెరవగానే అత్తమ్మ నన్ను అడిగిన మొదటి మాట "వంగ మొలిచిందా" అని. అది ఆ చుట్టానికి తెలియదు కదా.

పక్క మంచం మీద ఉన్నాయన ట్రాక్టర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన భార్యే ఈ అక్క. నేను ఫోన్ పెట్టేసి వచ్చాక నా దిక్కు చూసి, "ఏం నారు చెల్లె?" అని అడిగింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. మా ఆయన పంపిన ఫోటో చూపించాను. ఫోన్ తీసుకుని, వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

"మెడకాడ నల్లవడ్డది సూడు. నారుకుళ్ళు. నీళ్ళెక్కువైనయి. మీ ఆయనకు చెప్పు, చెంబు ముట్టుకోవద్దని."

చెప్పాను. పాపం ఆయనకు భయం, మొక్కలు ఎండిపోతే అమ్మకు ఏం జవాబు చెప్పాలని. పైన ఆరినట్టు కనిపిస్తే చాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోస్తూనే ఉన్నాడు. రోజూ ఫోటోలో నాలుగైదు మొక్కలు పడుకుని కనిపించేవి. నేల దగ్గర కాడ దారమంత సన్నబడి, పైన ఆకులు మాత్రం పచ్చగానే ఉండి.

మాకంటే ముందు వాళ్ళను డిశ్చార్జ్ చేశారు. వెళ్ళేటప్పుడు అక్క నల్గొండలో మా ఇల్లెక్కడ అని అడిగింది. మర్యాదకు అడిగిందనుకుని రామగిరి గుర్తులు చెప్పాను. పెనిమిటిని కొడుకు చేతికి అప్పజెప్పి కారులో ఊరికి పంపించి, తాను బస్సెక్కి నార్కట్‌పల్లిలో దిగి, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకుని నల్గొండ వచ్చింది. హైదరాబాద్ నుంచి నకిరేకల్‌కు నేరుగా పోయే మనిషికి నల్గొండ దారిలో తగిలే ఊరు కాదు. ఎన్ని రాత్రులు నేల మీద పడుకుందో నాకు తెలుసు, నేను ఆ పక్కనే పడుకున్నాను.

మా ఆయన తలుపు తీస్తే చెప్పులు విడిచి, "నారేడున్నది?" అందట. ఆయన బిత్తరపోయి నాకు వీడియో కాల్ చేశాడు. ఆ కాల్ నేను దవాఖాన మెట్ల మీద కూర్చుని చూశాను.

ముందు పడిపోయిన మొక్కలను చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీసి కవర్లో వేసింది. "ఇంట్ల ఉంచకు, దూరం పారెయ్." తర్వాత కొప్పులోంచి పిన్ను తీసింది. నిలబడి ఉన్న ఒక్కో మొక్క పక్కన ఆ పిన్ను గుచ్చి, కింది నుంచి మట్టి వదులు చేసి, లేత ఆకు కొసను రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లేపేది. నాట్లేసి నాట్లేసి పగిలిన వేళ్ళు అవి. ఆ వేళ్ళ మధ్య ఆకు నలగలేదు. "కాడ పట్టుకోకు అన్నా, కాడ నలిగితే సచ్చిపోతది. ఆకు పోతే ఇంకో ఆకొస్తది" అని మా ఆయనకు చూపించింది. టీ కప్పులకు అడుగున అగరుబత్తితో బొక్కలు పెట్టి, కొత్త మట్టి నింపి, ఒక్కో దాంట్లో ఒక్కో మొక్క పెట్టింది. నీళ్ళు పైనుంచి చుక్క కూడా పోయలేదు. పళ్ళెంలో కొన్ని నీళ్ళు పోసి కప్పులు అందులో నిలబెట్టి, మట్టి కింది నుంచి తడి పీల్చుకున్నాక తీసి కిటికీలో పెట్టింది. "పైన ఆరాలె, కింద తడి ఉండాలె. గదే లెక్క."

మా ఆయన అన్నం తినమంటే టీ చాలంది. బస్సు ఖర్చులకని డబ్బులు ఇవ్వబోతే కోప్పడింది. "ఆడోళ్ళకు బస్సు ఫ్రీయే కదా. నీ పైసలు నేనేం జేసుకోవాలె?" ఫోన్ దగ్గరికి ముఖం పెట్టి నాతో, "బుగులు పడకు చెల్లె, ముసలమ్మకు మొలిచినయని చెప్పు" అంది.

అక్కడే ఏడ్చేశాను. డాక్టర్ ఆపరేషన్ గురించి చెప్పినప్పుడు ఏడవలేదు, బిల్లు చూసినప్పుడు కూడా ఏడవలేదు. మెట్ల మీద కూర్చోవద్దని సెక్యూరిటీ అతను లేపేదాకా అక్కడే ఉన్నాను.

అంతటితో అయిపోయిందనుకుంటే, కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. ఈసారి వాళ్ళింటి కోళ్ళ గంప పట్టుకుని. నాలుగాకులొచ్చిన నారు ఇంకా ఇంట్లోనే ఉంటే బలం రాదు, ఎండ తగలాలని నాకు తెలుసు, కానీ కోతుల భయానికి మిద్దె ఎక్కించే ధైర్యం లేకుండె. ఆ మాట ఎప్పుడో వార్డులో అన్నాను, అది గుర్తు పెట్టుకుంది. బస్సులో కండక్టర్ గంపకు లగేజీ టికెట్ కొడతానంటే, "నేను ఫ్రీ అయితే నా గంప ఫ్రీ కాదా" అని కొట్లాడిందట. చివరికి కండక్టరే నవ్వి, డ్రైవర్ వెనక జాగా ఇచ్చాడట. మిద్దె మీద కప్పులు పేర్చి, గంప బోర్లించి, దాని మీద మా పాత రుబ్బురోలు పొత్రం పెట్టించింది. గంప సందుల్లోంచి ఎండ సన్నగా పడుతుంది, మొదట్లో నారుకు అంతే చాలు. రాత్రికి గంప మీద గోనెపట్టా కప్పి పొద్దున తియ్యమంది. యాసంగి వరినారుకు చలి పట్టకుండా వాళ్ళు రాత్రిపూట పట్టా కప్పుతారట, అదే పద్ధతి ఇక్కడా. కోతులు వచ్చాయి, గంప మీద కూర్చుని పొత్రాన్ని నెట్టి చూశాయి, వెళ్ళిపోయాయి. కింది ఓనర్ అంకుల్ కళ్ళారా చూసి చెప్పిన మాట ఇది.

అది నాట్ల కాలం. పెనిమిటి మంచాన ఉన్నాడు, పొలం పని మొత్తం ఆమె మీదే. అట్లాంటప్పుడు రోజంతా పోగొట్టుకుని ముఖం తెలియని ఇంటికి గంప మోసుకొచ్చింది. ఏమిచ్చి తీర్చుకోవాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఒక మాట అనకుండా ఉండలేను. అత్తమ్మ బూడిద డబ్బాలోని గింజ దాదాపు ప్రతిదీ మొలిచింది. డబ్బు పెట్టి కొన్న టమాట ప్యాకెట్ మాత్రం సగం ట్రే ఖాళీ. టమాట విత్తనానికి కనీస మొలక శాతం 70 అని ప్రభుత్వం పెట్టిన ప్రమాణం ఉంది, విత్తన చట్టం 1966 నుంచి ఉంది. నా ప్యాకెట్ మీద తేదీ ఉన్న చోట ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది. షాపులో అడిగితే "కుండీలో వేసుకునేదానికి ఇంత లొల్లి ఎందుకమ్మా" అన్నారు. వ్యవసాయ ఆఫీసుకు పోతే ఫిర్యాదుతో పాటు పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ పెట్టమన్నారు. మిద్దెకు పాస్‌బుక్ ఎవరిస్తారు సార్? ఎకరాలకు ఎకరాలు మిరప పెట్టి నకిలీ విత్తనంతో మునిగిన రైతులే తిరిగి తిరిగి వేసారిపోతుంటే నా ట్రే ఒక లెక్కా అంటారా, సరే. కానీ స్టిక్కర్ మీద స్టిక్కర్ అంటించేవాడు నాకొకటి, రైతుకొకటి అమ్మడు కదా.

దవాఖాన గురించి కూడా ఉంది. రోగికి మంచం ఇస్తారు, వెంట వచ్చిన మనిషికి చాప వేసుకునే జాగా ఉండదు. రాత్రి పది దాటాక వరండాలోంచి కూడా లేపుతారు. ఆ అక్క, నేను ఒకే దుప్పటి పంచుకున్నది అందుకే. ఇది ఇంతటితో ఆపుతాను, లేకపోతే కృతజ్ఞతలు పోయి పంచాయితీ అవుతుంది.

ఇప్పుడు లెక్క ఏమిటంటే, ముళ్ళ వంగ పదకొండు మొక్కలు బతికాయి. మిరప బాగుంది. టమాట ఉన్నంతలో ఉంది. పొద్దున కప్పులు మంచం దగ్గరికి తెచ్చి చూపిస్తే అత్తమ్మ కళ్ళద్దాలు అడిగి పెట్టుకుని, ఆకు కింద వేలితో తడిమి, ముల్లు తగిలాకే నమ్మారు. "రెండు చెట్లు కాయ కొయ్యకుండా విత్తనానికి వదులు, రెండు ఆమెకు పంపు" అన్నారు. శివరాత్రి పోగానే పెద్ద కుండీల్లోకి మారుస్తాను. అక్కకు మొక్కలు తీసుకుని నేనే పోతాను, గంప కూడా తిరిగి ఇవ్వాలి, కోళ్ళు బయట తిరుగుతున్నాయట.

మరిచిపోయేలోపు: రోజూ కప్పులు అటు తిప్పి ఇటు తిప్పి పెట్టిన కింది పోర్షన్ పాపకు, ఆమెకు పదో తరగతి పరీక్షలున్నా చేసింది. కప్పులన్నీ ఊరికే ఇచ్చిన గడియారం సెంటర్ టీ కొట్టు అన్నకు. ఓనర్ అంకుల్‌కు, కట్టె పట్టుకుని మధ్యాహ్నాలు మిద్దె మీద కాపలా కూర్చున్నందుకు. గంపకు జాగా ఇచ్చిన ఆ కండక్టర్‌కు, ఎవరో తెలియదు. రక్తం ఇచ్చిన మా తమ్ముడి దోస్తులకు, వీళ్ళను ముందే రాయాల్సింది. రాత్రి అత్తమ్మను ఎత్తుకుని మెట్లెక్కించిన ఆంబులెన్స్ డ్రైవర్‌కు, పైసలు తీసుకోలేదు.

మిరప నారు మాకు కావలసినదానికంటే ఎక్కువే ఉంది. నల్గొండలో ఉన్నవాళ్ళు ఎవరికైనా కావాలంటే ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపోండి, కప్పు మీరే తెచ్చుకోండి. వార్డులో అత్తమ్మకు తల దువ్విన ఆయమ్మను రాయలేదు, ఆమెకు కూడా.