కొల్లేరు పుస్తకం ఎప్పుడు, ధర ఎందుకు పెరుగుతోంది: మా పాఠకులకు

అందరికీ నమస్కారం.

కొల్లేరు పుస్తకం ఎక్కడిదాకా వచ్చిందని చాలామంది అడుగుతున్నారు. ధరలు పెరుగుతున్నాయట కదా అని కొందరు టీచర్లు ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ ముక్క ముక్కలుగా చెప్పే బదులు అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

ముందు విషయం చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా 24 పేజీల పుస్తకం ధర 100 రూపాయల నుంచి 120 అవుతుంది. కొల్లేరు పుస్తకం వేసవి సెలవులకు రాదు, వచ్చే సంక్రాంతికి వస్తుంది. పాముల పుస్తకం అచ్చు ఆపడం లేదు. పసిపిల్లల దళసరి అట్ట పుస్తకాలు మాత్రం ఇక వేయం.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక్క మాట. మాది విజయవాడలో ఉన్న చిన్న ప్రచురణ. రాత, లెక్కలు నేను చూస్తాను. బొమ్మలు మా చిత్రకారిణి వేస్తుంది. ప్యాకింగ్, పోస్టాఫీసు పని మా తోడికోడలిది. మన ఊళ్ళలో, మన చెరువుల్లో, మన చేలల్లో కనిపించే జంతువులు, పక్షుల గురించి నాలుగు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తాం. సింహం, జిరాఫీ, పెంగ్విన్ ఉన్న పుస్తకాలు ఎక్కడైనా దొరుకుతాయి. పొలం గట్టు మీద తిరిగే ముంగిస గురించి, తాటిచెట్టుకు వేలాడే గిజిగాడి గూడు గురించి మంచి రంగుల్లో, నిజమైన వివరాలతో దొరికేవి తక్కువ. ఆ లోటు నన్ను బాధపెట్టింది కాబట్టే ఈ పనిలోకి వచ్చాను.

ఇక కొల్లేరు సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్ళతో వానాకాలంలో సరస్సు నిండుతుంది. ఎక్కువైన నీరు ఉప్పుటేరు దారిన సముద్రంలో కలుస్తుంది. చలికాలానికి పక్షులు చేరతాయి, ఎండాకాలానికి నీళ్ళు వెనక్కి తగ్గుతాయి. మా పుస్తకం ఏటా తిరిగే ఈ కాలాల చక్రం మీదే నడుస్తుంది. చలికాలం పేజీలు అయిపోయాయి. ఎండాకాలానివి ఇప్పుడు వేస్తున్నాం. వానాకాలానివి మాత్రం వానలు పడ్డాకే వేయాలని మా చిత్రకారిణి పట్టుబట్టింది. ఫొటోలు చూసి వేసేయొచ్చు కదా అని నేను అడిగాను. సరస్సు నిండినప్పుడు నీటి రంగు ఎలా మారుతుందో, గట్లు ఎక్కడిదాకా మునుగుతాయో కళ్ళారా చూడాలంది. ఆమె మాటే నెగ్గింది, అది సబబే.

ఈ పుస్తకం కోసం మేము చేసిన చర్చలన్నీ రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది. ఒకటి చెబుతాను. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు, అంటే పెలికాన్లు, చెట్లు చాలక అటవీశాఖ నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. వాటిని ఉన్నట్టే వేయాలా, పచ్చని చెట్లు వేసి అందంగా చూపించాలా? మేము స్టాండ్లే వేశాం. రేపు ఏ పిల్లాడైనా అమ్మానాన్నలతో ఆటపాక వెళ్ళి, పుస్తకంలో చూసింది అక్కడ నిజంగా కనబడితే ఆ పుస్తకాన్ని నమ్ముతాడు. చెట్లు ఎందుకు లేవని అడుగుతాడు కూడా. ఆ ప్రశ్న రావాలి. కొల్లేరు 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. 1999లో ప్రకటించారు, 2002లో ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చే రాంసార్ గుర్తింపు వచ్చింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఈ గొడవంతా ఆరేళ్ళ పిల్లలకు చెప్పనక్కర్లేదు. కానీ చేపల చెరువు గట్టు బొమ్మలో ఉండాలి, ఎందుకంటే అక్కడ ఇప్పటికీ గట్లు ఉన్నాయి.

ఇంకోటి. కొల్లేరుకొచ్చే పక్షులన్నీ సైబీరియా నుంచే వస్తాయని పేపర్లలో రాస్తుంటారు, బళ్ళలోనూ చెబుతుంటారు. సూదితోక బాతుల్లాంటివి ఉత్తరాన ఎంతో దూరం నుంచి వచ్చే మాట నిజమే. ఆటపాకలో గూళ్ళు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మాత్రం మన దేశపు పక్షులే. వాటి పిల్లలు ఇక్కడే పుడతాయి. మా పుస్తకంలో ఇదొక ముఖ్యమైన పేజీ. మిట్టమధ్యాహ్నం ఎర్రకాళ్ళ కొంగ రెక్కలు విప్పి, ఎండ తగలకుండా పిల్లలకు నీడ పడుతుంది. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

నత్తగుల్ల కొంగ పేజీ కూడా నాకు చాలా ఇష్టం. పెద్ద కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తలను తినే పక్షి కదా. పిల్ల కొంగకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. తల్లినీ పిల్లనూ పక్కపక్కన వేసి, తేడా ఏమిటో మేము రాయకుండా వదిలేశాం. ముందుగా కొందరు పిల్లలకు చూపిస్తే, పెద్దవాళ్ళ కంటే వాళ్ళే తొందరగా పట్టేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బొమ్మలు కంప్యూటర్ చేత, ఏఐ చేత వేయించుకుంటే ఖర్చు ఉండదు, నెలకో పుస్తకం తేవచ్చని కొందరు మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. మేము ఆ పని చేయం. నేను కొన్ని బొమ్మలు అలా చేయించి చూశాను. చూడ్డానికి బాగున్నాయి. కానీ చిలుక కొమ్మ మీద కూర్చుంటే కాలివేళ్ళు ముందుకు రెండు, వెనక్కి రెండు ఉండాలి. పాలపిట్టకు ముందుకు మూడు, వెనక్కి ఒకటి. ఆ బొమ్మల్లో అన్నింటికీ ఒకటే కాలు. రామచిలుక మెడ చుట్టూ గులాబీ రంగు పట్టీ మగదానికే ఉంటుంది, అదీ కొన్నేళ్ళు వచ్చాక. ఆ బొమ్మల్లో గూట్లోని పిల్లకు కూడా పట్టీ ఉంది. గిజిగాడి గూడు అల్లేది మగపక్షి. సగం అల్లాక ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. తల మీద పసుపు రంగు కూడా మగదానికే, జతకట్టే కాలంలోనే. 'అమ్మ పిట్ట గూడు కట్టింది' అని రాసి పసుపు తల బొమ్మ పెడితే, అది చదివిన పాప పెద్దయ్యాక ఈతచెట్టు కింద నిలబడి చూసేది ఒకటి, చదివింది ఇంకొకటి అవుతుంది.

మనిషి వేసే బొమ్మలో ఇంకో సంగతి కూడా ఉంటుంది. బొమ్మల పుస్తకానికి ప్రాణం పేజీ తిప్పడంలో ఉంది. మా పాలపిట్ట పుస్తకం చదివినవాళ్ళకు ఇది తెలుసు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టిరంగులో, మామూలుగా కనిపిస్తుంది. కుడిచేతి పేజీలో అలాగే వేశాం, మాట కూడా పెద్దగా ఏమీ లేదు. పేజీ తిప్పితే రెండు పేజీల నిండా రెక్కలు విప్పిన నీలం. పొలం దగ్గర నిజంగా జరిగేది కూడా అదే: అప్పటిదాకా కంటికి ఆనని పిట్ట లేచేసరికి ఒక్కసారిగా నీలం కనబడుతుంది. ఆ పుస్తకంలోనే దసరా పేజీ కూడా ఉంది. పండగనాడు పాలపిట్టను చూస్తే మంచిదని మనకు నమ్మకం. దాన్ని పట్టుకొచ్చి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించడం మాత్రం నేరం, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. మా పుస్తకంలో తాతయ్య మనవరాల్ని తెల్లవారే పొలానికి తీసుకెళ్ళి చూపిస్తాడు. ఆ పేజీ చదివాక పంజరం ముందు డబ్బులివ్వడం మానేశామని ఒక తల్లి ఉత్తరం రాశారు. దాన్ని నేను దాచుకున్నాను.

ఇప్పుడు డబ్బుల సంగతి. మీరు దుకాణంలో 100 రూపాయలకు కొన్న పుస్తకంలో 35 నుంచి 40 దాకా దుకాణం వాటా. వాళ్ళ అద్దెలు, జీతాలు వాళ్ళకున్నాయి, నాకు ఫిర్యాదు లేదు. మిగిలినదాంట్లో కాగితం, అచ్చు, లామినేషన్, పిన్ను, చిత్రకారిణి పారితోషికం, పోస్టు. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చుకు ప్లేట్ల ఖర్చు 500 కాపీలకైనా 2000 కాపీలకైనా ఒకటే. మేము వేసేది తక్కువ కాపీలు కాబట్టి ఒక్కోదాని మీద ఆ భారం ఎక్కువ పడుతుంది. పుస్తకాల మీద జీఎస్టీ లేదు. అది కొనేవాళ్ళకు మంచిదే. అయితే మేము కాగితం కొన్నప్పుడు కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకునే వీలు కూడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి మేము వాడే ఆర్ట్ పేపర్ మీద ఆ పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఉన్న సరుకుతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చాం. ఇప్పుడు కొత్త కాగితం కొనాలి.

పల్చటి కాగితానికి మారొచ్చు. నమూనా వేయించి చూశాం. వెనక పేజీలోని పాలపిట్ట నీలం ముందు పేజీ మీదికి మసకగా కనిపించింది. పేజీ తిప్పినప్పుడు రావాల్సిన ఆశ్చర్యం అంతటితో పోతుంది. అందుకే కాగితం మార్చకుండా ధర మార్చడానికి ఒప్పుకున్నాం. 20 రూపాయలు కొన్ని ఇళ్ళలో చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. కాబట్టి ప్రభుత్వ బడులకు, గ్రామ గ్రంథాలయాలకు, అంగన్‌వాడీలకు నేరుగా మా దగ్గర కొంటే పాత 100 రూపాయల ధరే ఉంటుంది. మధ్యలో దుకాణం వాటా ఉండదు కాబట్టి అది మాకు సాధ్యమే.

పోస్టు ఖర్చు గురించి కూడా. 2024 డిసెంబరులో పుస్తకాల తపాలా ఆగిపోయినప్పుడు ఒక పుస్తకం పంపడానికి అయ్యే ఖర్చు చాలా పెరిగింది. 2025 మే 1 నుంచి పుస్తకాలు చవగ్గా పంపడానికి తపాలాశాఖ పెట్టిన జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా గరిష్ఠంగా 100 రూపాయలు, పైన పన్ను. మా పుస్తకాలు రెండు కలిపినా 300 గ్రాముల లోపే. రోడ్డు, రైలు దారిన వెళ్తుంది కాబట్టి నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. కొరియర్ కంటే ఎంతో చవక. తొందర లేనివాళ్ళందరికీ ఇక ఇలాగే పంపుతాం. ఇరుగుపొరుగు నలుగురు కలిసి ఒకే పార్సిల్ తెప్పించుకుంటే ఇంకా కలిసొస్తుంది.

పాముల పుస్తకం మా దగ్గర అన్నిటికంటే నెమ్మదిగా అమ్ముడుపోయేది. పుస్తక ప్రదర్శనలో ఒక పెద్దాయన దాన్ని తిరగేసి, "ఏమ్మా, ఇంతింత పిల్లలకు పాముల బొమ్మలెందుకు? రాత్రిళ్ళు ఉలిక్కిపడరూ?" అని అడిగారు. "బాబాయిగారూ, పొలం ఉన్న ఇల్లేనా మీది?" అన్నాను. అవునన్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి పేజీలు చూపించాను. మన దగ్గర కాటు మరణాల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటివల్లే. పక్క పేజీలో జెర్రిపోతు. విషం లేదు, ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది, అయినా కనిపించగానే కర్రలు లేస్తాయి. చివరి పేజీలో పాము కరిస్తే ఏం చేయాలో ఉంది: కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, కరిచిన కాలో చెయ్యో కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆయన ఆ పేజీ నిలబడే మొత్తం చదివి, రెండు కాపీలు తీసుకున్నారు. ఆ పుస్తకంలో బొమ్మలు మార్చమని, కోరలు తీసేసి నవ్వే పాముల్ని వేయమని ఒకరిద్దరు దుకాణదారులు అడిగారు. మార్చం. కట్లపాము ఒంటి మీది తెల్లటి గీతలు పిల్లలకు గుర్తుండటానికే ఆ పుస్తకం ఉంది. నష్టం వచ్చినా ఉంచుతాను.

అట్ట పుస్తకాల సంగతి క్లుప్తంగా. దళసరి బోర్డు, గుండ్రటి మూలలు, ఎక్కువ భాగం చేతిపని. మేము వేసే కొద్ది కాపీలకు ఆ ఖర్చు తట్టుకోలేం. ఉన్నవి అయిపోయేదాకా దొరుకుతాయి.

అమెరికా నుంచి, బెంగళూరు నుంచి అడిగే తల్లిదండ్రులకు: తెలుగు వాక్యం కింద ఇంగ్లీషు లిపిలో అదే వాక్యం వేయమని కోరారు. దానివల్ల పిల్లలు తెలుగు అక్షరాల మీదికి చూపు తిప్పరని నా అభిప్రాయం. దానికి బదులు ప్రతి పుస్తకాన్నీ మా అమ్మగారి గొంతుతో చదివించి రికార్డు చేస్తున్నాం. పిల్లలు వింటూ వేలు పెట్టి చదువుకోవచ్చు. పాలపిట్ట, గిజిగాడు పుస్తకాల రికార్డింగు అయింది. కొన్నవాళ్ళకు ఉచితంగా పంపుతాం.

కొల్లేరు పుస్తకానికి ఇప్పుడే డబ్బులు కడతామని చాలామంది ముందుకొచ్చారు. మీ నమ్మకానికి కృతజ్ఞతలు. వానాకాలం పేజీలు చేతికి రాకముందు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను. మీ పేరు, ఊరు రాసి పంపితే జాబితాలో ఉంచుతాను, అచ్చుకు వెళ్ళే రోజు మేమే కబురు పెడతాం. జనవరి విజయవాడ పుస్తక మహోత్సవానికి వచ్చేవాళ్ళు స్టాల్లోనే తీసుకోవచ్చు.

ఈ నెలాఖరు లోపు వచ్చిన ఆర్డర్లన్నిటికీ పాత ధరే. బడులు, గ్రంథాలయాలు ఆర్డరు పంపేటప్పుడు సంస్థ పేరు మీద ఒక చిన్న ఉత్తరం జతచేయండి. మిగతావాళ్ళు చిరునామాతోపాటు పిన్ కోడ్, ఫోన్ నంబరు తప్పకుండా రాయండి. జ్ఞాన్ పోస్ట్ కావాలో కొరియర్ కావాలో కూడా చెప్పండి. గిజిగాడు పుస్తకం ప్రస్తుతం లేదు, మలి ముద్రణ జూన్ మొదటి వారానికి, బడులు తెరిచేలోపు వస్తుంది.