మంత్రిగారికి బహిరంగ లేఖ: మదీనా నుంచి లాడ్ బజార్ దాకా నీళ్లు తాగకుండా

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కరించి రాయునది.

చార్మినార్ దగ్గర ఆడవాళ్ల టాయిలెట్ల గురించి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికి రసీదులున్నాయి, జవాబులు లేవు. మూడోదానికి మాత్రం ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది, "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని. ఎట్లా పరిష్కరించారో చూద్దామని ఆ ఆదివారమే చార్మినార్‌కు పోయాను. ఆడవాళ్ల టాయిలెట్‌కు తాళం అదే. తుప్పు ఇంకొంచెం పెరిగింది. అందుకే ఈసారి కవర్లో పెట్టి అంటించకుండా, పదిమందీ చదివేలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

నేను సర్కారు బళ్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు పుస్తకంలో బొమ్మ చూపించి "ఇది చార్మినార్, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు" అని చెప్పినదాన్ని. ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే కొంతమందిని వెంటబెట్టుకుని పాతబస్తీ చూపిస్తుంటాను. తోటి టీచర్లు, వాళ్ల కోడళ్లు, మనవళ్లు, ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు. పైసా తీసుకోను. ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర మెట్రో దిగి, నయాపూల్ దాటి, మదీనా మీదుగా పత్తర్‌గట్టి, అక్కడి నుంచి చార్ కమాన్, గుల్జార్ హౌజ్, చార్మినార్, లాడ్ బజార్, చివరికి మహబూబ్ చౌక్ గడియారం. మదీనా నుంచి చార్మినార్ దాకా కిలోమీటరు కూడా ఉండదు. కానీ చూస్తూ పోవాలంటే మూడు గంటలు చాలవు. అత్తరు సీసాల దగ్గర ఒకరు, ముత్యాల దగ్గర ఇంకొకరు ఆగిపోతారు. మచ్లీ కమాన్ పైకి చూస్తూ ఒక పిల్లవాడు "టీచర్, చేప ఎక్కడ?" అంటాడు.

ఈ మూడు గంటల్లో ఆడమనిషి బాత్రూమ్‌కు ఎక్కడికి పోవాలి? నా ప్రశ్న ఇదొక్కటే, మూడు ఉత్తరాల్లోనూ ఇదే.

చార్మినార్ పాదచారుల ప్రాజెక్టు గురించి మీకు నేను చెప్పేదేముంది. ఎన్ని ప్రభుత్వాలు, ఎన్ని గడువులు దాటిందో మీ ఫైళ్లే చెబుతాయి. రాళ్లు పరిచారు, బండ్లు ఆపారు, దీపాలు పెట్టారు. బాగుంది, కాదనను. నా మోకాళ్లు మిమ్మల్ని దీవించాయి కూడా. కానీ నడవడానికి దారి వేసినవాళ్లకు, నడిచేవాళ్లకు ఒక ఒళ్లు ఉంటుందనీ, ఆ ఒంటికి కొన్ని అవసరాలుంటాయనీ తోచలేదా? పైన పటారం లోన లొటారం అని మావాళ్లు ఊరికే అనలేదు.

టాయిలెట్లు లేవని నేననడం లేదు. "ఉన్నాయమ్మా, లిస్టు చూడండి" అని మీ సిబ్బంది చెప్పనే చెప్పారు. వాళ్లు చెప్పిన ఒకదాని దగ్గరికి పోయాను. రేకు డబ్బా. మగవాళ్ల వైపు తలుపు ఉంది, గొళ్లెం లేదు. ఆడవాళ్ల వైపు తాళం. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే పక్కనే సమోసాలు వేయిస్తున్న పిల్లవాడు జేబులోంచి తీసిచ్చాడు! లోపల చూస్తే రెండు గ్యాస్ సిలిండర్లు, ఉల్లిగడ్డల బస్తా, ఒక గొడుగు. కమోడ్ మీద అట్టపెట్టె, అట్టపెట్టెలో పేపర్ ప్లేట్లు. వాష్ బేసిన్ ఉంది, నల్లా ఉండాల్సిన చోట గుడ్డపీలిక కుక్కారు. పిల్లవాడు పాపం నిజాయితీగానే చెప్పాడు: "నీళ్లు రావు అమ్మా. ఎప్పుడూ రాలే. ఖాళీగ ఉందని సామాన్ పెట్టుకున్న." అది ఏ మూల ఉందో ఇక్కడ రాయను. రాస్తే మీవాళ్లు రేపే వచ్చి ఆ బండి ఎత్తుకుపోతారు. డబ్బాలో నీళ్లు మాత్రం అప్పటికీ రావు.

ఇక మా వదినె సంగతి. మా ఆయనకు అక్క, జగిత్యాలలో ఉంటుంది. అరవై దాటింది, షుగర్ ఉంది. మనవరాలి పెళ్లికి లక్కగాజులు లాడ్ బజార్‌లోనే కొనాలని ఆశపడి వచ్చింది. తన పెళ్లికి మా అత్తమ్మ అక్కడే కొన్నదట, ఆ గాజులు ఇప్పటికీ దాచుకుంది. బస్సులో నాలుగు గంటలకు పైగా కూర్చుని వచ్చిన మనిషి. దుకాణంలో రాళ్ల గాజులు చూస్తూ చూస్తూ ఒక్కసారి నా చెయ్యి పట్టుకుంది. ముఖం చూస్తేనే అర్థమయింది.

ముందు చాయ్ హోటల్‌కు పోయాం. రెండు చాయ్‌లు చెప్పి మరీ అడిగాను. "జెంట్స్ ఒక్కటే ఉంది మేడమ్" అన్నాడు. ఆ చాయ్ తాగితే ఇంకా ముప్పని అక్కడే వదిలేశాం. తర్వాత ఒక బట్టల దుకాణం, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, పైన స్టాఫ్‌కు మాత్రమే. ఇంకో చోట చూపించారు గానీ తలుపు తీసిన వదినె ముక్కు మూసుకుని వెంటనే వేసేసింది. ఎండలో ఆ మనిషి కాలు దగ్గరగా పెట్టి నడుస్తుంటే, నేను చార్మినార్ చరిత్ర చెప్పే మనిషినన్న సంగతే మరిచిపోయి కనబడ్డ ప్రతి తలుపు వంకా చూస్తున్నాను.

చివరికి గాజులు చూపించిన పెద్దాయనే గమనించారు. ఏమీ అడగలేదు. దుకాణంలో పనిచేసే పిల్లవాణ్ణి పిలిచి, "అమ్మీ దగ్గరికి తీసుకపో" అన్నారు. వెనక గల్లీలో వాళ్ల ఇల్లు. పోయే దారిలోనే ఒక గదిలో లక్క పని నడుస్తోంది. కుంపటి సెగ మీద మెత్తబడ్డ లక్కను చేత్తో పొడుగ్గా సాగదీసి, కర్రకు చుట్టి గాజు చేస్తున్నాడు ఒకతను. ఇంకొకతను ఆ మెత్తదనం పోకముందే మెరిసే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతున్నాడు. ఇంకెప్పుడైనా అయితే అరగంట నిలబడి అందరికీ చూపించేదాన్ని. 2024లో జీఐ, అంటే ఈ ఊరి సొంత సరుకన్న గుర్తింపు తెచ్చుకున్న గాజులివి. ఆ రోజు పక్కకు కూడా చూడకుండా పోయాం. ఆ ఇంటి ఆడమనిషి తలుపు తీసి, మమ్మల్ని చూసీ చూడగానే ఏం కావాలో తెలుసుకుని లోపలికి పంపింది. బయటికి వచ్చాక స్టీల్ గ్లాసుతో చల్లటి నీళ్లు ఇచ్చింది.

ఆ నీళ్లు తాగడానికి మా వదినెకు భయమేసింది, మంత్రిగారూ. మళ్లీ జగిత్యాల బస్సెక్కాలి కదా. గ్లాసు పట్టుకుని నా వంక చూసి, ఆమె నొచ్చుకుంటుందని రెండు గుక్కలు తాగి ఇచ్చేసింది.

అందరికీ ఇట్లాంటి ఇల్లు దొరుకుతుందా? మేం ఒకరోజు వచ్చిపోయేవాళ్లం. రోజూ అక్కడే కూర్చునేవాళ్ల సంగతేమిటి? మీర్ ఆలం మండీలో కొత్తిమీర కట్టలు అమ్మే ఒకామెను అడిగాను. "పొద్దుగాల ఒక్క చాయ్ తాగుత. మల్ల నీళ్లు ఇంటికి పోయినంకనే" అంది. ఎన్నేళ్ల నుంచి అంటే నవ్వింది. డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడట, మందులు కూడా రాశాడట. మందు వేసుకోవడానికైనా నీళ్లు కావాలి కదా అంటే మళ్లీ నవ్వింది. రంజాన్ నెలలో లాడ్ బజార్ రాత్రంతా నిద్రపోదు. తెల్లవారుజాము దాకా చంటిపిల్లలతో, గర్భిణులతో కుటుంబాలకు కుటుంబాలు తిరుగుతాయి. ఆ రద్దీలో ఏం చేస్తారో మీరెప్పుడైనా ఆలోచించారా?

మీ ఆఫీసుల్లో నాకు దొరికిన జవాబు కూడా చెబుతాను. అర్జీ పట్టుకుని కాళ్లరిగేలా తిరిగితే ఒక అధికారి, మంచాయనే, కూర్చోబెట్టి వివరించారు. "చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉందమ్మా. నూరు మీటర్ల లోపల మమ్మల్ని ఇటుక కూడా పెట్టనియ్యరు. మేమేం చెయ్యాలి?" సరే, నూట ఒకటో మీటరులో కట్టండి అన్నాను. నవ్వి ఊరుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి, మా పక్కింట్లో లా చదివే అమ్మాయిని ఆ చట్టం తీయమన్నాను. ఇద్దరం కూర్చుని చదివాం. రక్షిత కట్టడానికి నూరు మీటర్ల లోపల నిర్మాణం నిషిద్ధమన్న మాట నిజమే. కానీ 2010 సవరణలో, 'నిర్మాణం' అంటే ఏమిటో చెప్పిన చోటనే, ఏవి ఆ లెక్కలోకి రావో కూడా రాశారు. మురుగు కాలువల పనులు రావు. జనానికి నీళ్లిచ్చే పనులు రావు. ప్రజల కోసం కట్టే మరుగుదొడ్లు, మూత్రశాలలు రావు! పార్లమెంటులో కూర్చున్నవాళ్లకు తట్టిన సంగతి మన ఊరి ఆఫీసులో తట్టలేదు. అనుమతులూ సంప్రదింపులూ ఉంటాయేమో, ఉండనివ్వండి, అడగండి. అసలు అడిగారా అన్నది నా సందేహం. ఆ పేజీ ప్రింట్ తీయించి, అండర్‌లైన్ చేసి, పరీక్ష పేపర్లా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. చదివారు. తలెత్తి, "మీరు టీచరా అమ్మా?" అన్నారు. అంతే.

రెండో కారణం, పాతబస్తీ ఇరుకు, డ్రైనేజీ కలపడం కష్టం అని. ఇది సోషల్ టీచర్‌కు చెప్పకూడని కారణం. 1908లో మూసీ వరద ఈ ఊరిని ముంచేస్తే, నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలకు దారి చూపించడంతో ఆగలేదు, నగరానికి భూగర్భ మురుగు పథకం కూడా తయారుచేసిచ్చారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. మీరిప్పుడు రంగురంగుల దీపాలు వేసి ఫొటోలు దింపుతున్న పత్తర్‌గట్టి రాతి కమాన్లు ఆ బోర్డు కట్టించినవే. జేసీబీలు లేని కాలంలో వాళ్లు చేశారు. గుల్జార్ హౌజ్ అయితే ఇంకా ముందటిది. నాలుగు కమాన్ల నడుమ, బాటసారి కళ్లకు చల్లగా ఉండాలని నీళ్ల తొట్టి కట్టించారు. ఇవాళ దాని చుట్టూ తిరిగే ఆడమనిషికి చెయ్యి కడుక్కోవడానికి చుక్క లేదు.

ఇంకొకటి గుర్తుకొస్తోంది. 2025 మే 13న ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలను చార్మినార్ చూపించి, లాడ్ బజార్‌లో గాజులు తొడిగించారు. టీవీలో చూశాను, ముచ్చటేసింది. ఆ పిల్లల మీద నాకేం కోపం లేదు. నాదొక చిన్న అనుమానం. అంతమంది ఆడపిల్లలు వస్తున్నారంటే, వాళ్లలో ఎవరికైనా అవసరమైతే ఎక్కడికి తీసుకుపోవాలని మీవాళ్లు ముందే ఆలోచించి ఉంటారు కదా? ఎక్కడో ఒకచోట రాసుకుని ఉంటారు కదా? ఆ కాగితం ఒక జిరాక్స్ నాకు ఇప్పించండి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు కాకుండా, మా కొత్తిమీర ఆమె కూడా అక్కడికే పోతుంది.

మంత్రిగారూ, నేను ఏసీ అడగడం లేదు. అద్దాలూ టైల్సూ అడగడం లేదు. మదీనా దగ్గర ఒకటి, చార్మినార్‌కు ఏదో ఒక పక్క ఒకటి, లాడ్ బజార్ చివర ఒకటి. నీళ్లు రావాలి, లోపలి నుంచి గొళ్లెం పడాలి, ఊడ్చి కడిగే మనిషికి నెలనెలా జీతం అందాలి. అయిదో పదో తీసుకుంటామన్నా ఇస్తాం. రాత్రి పూట కూడా తెరిచి ఉంచాలి. ఇన్నీ కాకపోతే ఒక్కటి. అది కూడా కాకపోతే ఉన్న తాళమైనా తీయించండి, ఆ పిల్లవాడి సిలిండర్లకు వేరే చోటు చూపించి. ఏదో ఒకటి చేయండి. మెట్రో చార్మినార్ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా వేస్తామంటున్నారు, అందులో అన్నీ ఉంటాయని మాత్రం చెప్పకండి. అప్పటిదాకా ఆపుకోవడానికి ఇది ఫైలు కాదు.

పోయిన వారం వదినె ఫోన్ చేసింది. రెండో మనవరాలికి కూడా సంబంధం కుదిరింది. గాజుల కొలత చెప్పి, "నువ్వే చూసి పంపు, నేను రానులే" అంది. ఎందుకు రావని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. వచ్చే ఆదివారం లాడ్ బజార్ పోతున్నాను. శనివారం సాయంత్రం నుంచే నీళ్లు తగ్గిస్తాను.

ఇట్లు,
రిటైరైన ఒక సోషల్ టీచర్,
మలక్‌పేట.

జత: రసీదులు 3, అండర్‌లైన్ చేసిన పేజీ 1.