మాత గుడిని పడగొట్టకండి, సున్నంతో బాగుచేయండి

సంపాదకులకు,

అయ్యా,

పలమనేరు నుంచి కుప్పం వెళ్ళే దారిలో చూడదగిన స్థలాల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. కైగల్ జలపాతాన్నీ, 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యాన్నీ చక్కగా పరిచయం చేశారు. ఆ దారికి కొంత లోపలగా ఉన్న మా ఊరి ఆరోగ్యమాత (మరియమ్మ) గుడి, అంటే కతోలిక క్రైస్తవుల చిన్న చర్చి, ఊసు అందులో లేదు. అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. ఊళ్ళో ఉన్న మేమే దాన్ని సరిగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ గుడిని నేలమట్టం చేసి, అదే చోట స్లాబు వేసి పెద్దది కట్టాలన్న మాట ఊళ్ళో బలపడుతున్నందువల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను క్రైస్తవుణ్ణి కాను. అయితే త్రికాల జపానికి (ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చెప్పే ప్రార్థనకు) అక్కడ కొట్టే గంట వింటూ పెరిగినవాణ్ణి. మధ్యాహ్నం గంట మోగితే మా నాయన మడక ఆపి ఎద్దులను విప్పేవాడు. మా ఇంటికి గోడగడియారం వచ్చాక కూడా ఆ గంటను బట్టే దాని ముళ్ళు సరిచేసేవాళ్ళం.

గుడి చిన్నది. యాభై మంది కూర్చుంటే నిండిపోతుంది. రెండడుగుల మందాన రాతి గోడలు, వాటికి మొదట గానుగ సున్నం పూత, పైన కొయ్య దూలాల మీద పరిచిన మిద్దె, పక్కన గురువులు (ఫాదర్లు) నెలకొకసారి వచ్చినప్పుడు బసచేయడానికి కట్టిన ఒంటి గది. తక్కిన ఆదివారాల్లో గురువుల బదులు ఉపదేశి జపాలు చెప్పించేవారు. లోపల బలిపీఠం వెనుక గోడకు ఆనించి ఉంటుంది. గురువులు జనానికి వీపు పెట్టి లాటిన్‌లో పూజ చేసిన కాలానికి అది గుర్తు. 1962–65 మధ్య జరిగిన రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) తర్వాత పూజ తెలుగులోకి మారి, గురువులు జనం వైపు తిరగడంతో, ముందు ఒక కొయ్య బల్ల వేశారు. పాత పీఠాన్ని ఎవరూ కదిలించలేదు. ఆ రెండింటి మధ్య ఉన్న నాలుగడుగుల ఖాళీ చూస్తే ఎంత మార్పు జరిగిందో చదువురానివారికైనా అర్థమవుతుంది.

మన ప్రాంతంలో కతోలిక సంఘం నిన్న మొన్నటిది కాదు. 18వ శతాబ్దపు తొలి ఏళ్ళలోనే ఫ్రెంచి యేసుసభ (జెసూట్) గురువులు పుంగనూరులో నివాసం ఏర్పరచుకున్నారు. 1773లో పోపు ఆ సభను రద్దు చేయడంతో వారి పని చెదిరిపోయింది. తర్వాతి కాలంలో ఈ ప్రాంతం 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం (బిషప్పు పాలించే ప్రాంతం) కిందికీ, 1976లో కడప మేత్రాసనం కిందికీ వచ్చింది. ఇంత చరిత్రకు పల్లెల్లో కంటికి కనిపించే సాక్ష్యాలు మా ఊరి గుడి వంటి చిన్న కట్టడాలే.

గోడలు చెమ్మగిల్లి పెచ్చులూడుతున్నాయన్నది పడగొట్టాలనేవారి ప్రధాన వాదన. చెమ్మ ఉన్న మాట నిజమే. కానీ అది వయసు వల్ల వచ్చింది కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఒక కాంట్రాక్టరు పాత పూత గీకించి సిమెంటు పూయించి, పైన ఆయిల్ పెయింటు వేయించినప్పటి నుంచే ఈ బాధ మొదలైంది. పునాది మీద తడిని ఆపే పొర లేని పాత గోడ నేలలోని తడిని పీల్చుకుంటుంది. సున్నపు పూత ఉంటే ఆ తడి ఎండకు బయటికి ఆరిపోతుంది, సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది. అప్పుడు గోడ చౌడెక్కి రాతి సందుల్లోని సున్నం పొడిగా రాలుతుంది. సిమెంటును ఓపికగా తొలగించి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి నూరిన సున్నంతో మళ్ళీ పూయడమే దీనికి మందు. ఈ పని తెలిసిన ముసలి మేస్త్రీలు తమిళనాడు సరిహద్దు ఊళ్ళలో ఇంకా దొరుకుతారు.

చోటు చాలడం లేదన్న మాటను మాత్రం కాదనలేను. ఆగస్టు 29న జెండా ఎత్తింది మొదలు సెప్టెంబరు 8న మాత పండుగ ముగిసేదాకా జనం వీధిలో నిలబడాల్సి వస్తోంది. అయితే గుడికి తూర్పున ఖాళీ నేల ఉంది. పందిరి ఏటా వేసేది అక్కడే. రేకుల షెడ్డయినా, కొత్త గుడే అయినా అక్కడ కట్టుకోవచ్చు. పాత చోటనే పెద్దది కట్టాలంటే చెరువు కట్ట వైపున్న ఏడు చింతచెట్లనూ కొట్టాలి, సమాధుల తోటలో ఒక వరుసనూ కదిలించాలి. కార్తీకంలో చెరువు నిండినప్పుడు ఆ చెట్ల సందుల నుంచి తెల్లటి గుడి ముఖమూ, దాని వెనుక గుండ్ల కొండా కలిసి నీటిలో కనిపిస్తాయి. కైగల్ వెళ్ళేవారు దారి తప్పి మా ఊరికి వచ్చినా సెల్‌ఫోన్లు బయటికి తీసేది దాన్ని చూసే.

1960 నాటి రాష్ట్ర పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడాల జాబితాలో మా గుడి లేదు కాబట్టి పురావస్తు శాఖ వచ్చి కాపాడుతుందన్న ఆశ లేదు. నిర్ణయం మా గుడిని చూసుకునే విచారణ గురువులదీ (పారిష్ ఫాదరుదీ), ఊరి పెద్దలదీ. పండుగ కాగానే పని మొదలుపెడతారని విన్నాను. అంతకు ముందే సున్నం పని తెలిసిన మేస్త్రీ ఒకరిని పిలిపించి గోడలు చూపించాలనీ, ఆయన చెప్పే ఖర్చునూ కొత్త కట్టడం అంచనానూ పక్కపక్కన పెట్టి ఊరందరి ముందు చదివి వినిపించాలనీ కోరుతున్నాను. మేస్త్రీని పిలిపించే ఖర్చు నేను పెట్టుకుంటాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పలమనేరు ప్రాంతం, చిత్తూరు జిల్లా