నోటరీ రాసిన ‘వగైరా’

ప్రియమైన రఘూ,

ముప్ఫై ఏళ్లు కోర్టులో వాంగ్మూలాలు రాసినవాడివి కనుక ఈ సంగతి నీకే చెప్పాలనిపించింది. పది రోజులుగా ఇసబెల్ గౌడీ అనే స్కాట్లండ్ స్త్రీ వాంగ్మూలాలు చదువుతున్నాను; నీ ఉత్తరానికి జవాబు ఆలస్యం కావడానికి కారణం ఆవిడే.

స్కాట్లండ్‌లో 1563 చట్టం ప్రకారం మంత్రవిద్యకు మరణశిక్ష. 1736లో ఆ చట్టం రద్దయ్యేలోగా సుమారు 3,800 మంది మీద ఈ నేరం మోపారు. వారిలో అత్యధికులు ఆడవాళ్లే. నేర్న్ పట్టణానికి దగ్గర్లోని ఆల్డెర్న్‌లో జాన్ గిల్బర్ట్ భార్య ఇసబెల్, 1662 ఏప్రిల్, మే నెలల్లో నాలుగుసార్లు, ఊరి మతగురువు హ్యారీ ఫోర్బ్స్ ఎదుట, పెద్దమనుషుల ఎదుట నేరం ఒప్పుకుంది. ఏ ఒత్తిడీ లేకుండానే చెప్పిందని కాగితం అంటుంది. అనుమానితులను రాత్రింబవళ్లు నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టడం ఆ రోజుల్లో అక్కడ మామూలే కనుక, ఆ మాటను నేను అంత తేలిగ్గా నమ్మలేను.

చెప్పినవి మాత్రం కథల్లాగే ఉన్నాయి. రాత్రుళ్లు బయటికి వెళ్లేటప్పుడు మొగుడికి అనుమానం రాకుండా పక్కలో చీపురు పెట్టి వెళ్లేదట. (తెల్లవార్లూ తేడా తెలియలేదంటే, ఆ గిల్బర్ట్ ఎంత మొద్దునిద్ర పోయేవాడో!) మంత్రం చదివి కుందేలుగా మారితే, ఒకసారి వేటకుక్కలు వెంటపడ్డాయట, మనిషి రూపానికి తిప్పే మాటలు పలకడానికి వ్యవధి దొరకక ఇల్లిల్లూ దూరుతూ పరుగెత్తిందట. పార్క్ జమీందారు మగపిల్లలు చావాలని మట్టిబొమ్మ చేసి కాల్చామని కూడా చెప్పింది. న్యాయాధికారులకు కావలసింది ఇలాంటిదే.

నన్ను పట్టుకున్నది వేరే చోటు. డౌనీ కొండలోపలికి వెళ్లానని, అక్కడ తెల్లని నారబట్టలు కట్టుకున్న దేవకన్యల రాణి తినగలిగినదానికన్నా ఎక్కువ తిండి పెట్టిందని, అటూ ఇటూ రంకెలు వేస్తూ తిరిగే ఎద్దులను చూసి హడలిపోయానని ఆమె చెబుతూ ఉంటే, వాంగ్మూలం రాస్తున్న నోటరీ జాన్ ఇన్నెస్ ఆ రాణి వర్ణన మధ్యలోనే ‘వగైరా’ అని కలం ఆపేశాడు. సైతాను ప్రస్తావన వచ్చినచోట్ల అతనికి ఇంత తొందర లేదు. ఆకలి తెలిసిన మనిషి కడుపునిండా తిన్నానని చెబుతున్నప్పుడు, తర్వాత ఏమన్నదో మనకు దక్కకుండా పోయింది.

చివరికి ఆమెను ఏం చేశారో చెప్పే కాగితం దొరకలేదు.

నీవు చెప్పు రఘూ, సాక్షి ఇంకా మాట్లాడుతూ ఉండగా ‘వగైరా’ అని నీవెప్పుడైనా రాశావా?

నీ,
మూర్తి