జపనీస్ మాటకు అర్థం అమ్మ నోట దొరికింది

సంపాదకులకు నమస్కారం.

నేను సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. డ్యూటీ దిగాక సాయంత్రాలు జపనీస్ నేర్చుకుంటున్నాను. నైపుణ్యమున్న పనివాళ్ల కోసం 2021 జనవరిలో మన దేశం, జపాన్ ఒప్పందం చేసుకున్నాక అక్కడ వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లాలనే ఆశ నాలాంటి వాళ్లకు కలిగింది. జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి పాసయ్యాను. డిసెంబరులో దాని పై స్థాయి ఎన్3 రాయాలి.

మా పుస్తకంలో అర్థాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. 'తెక్కిరి' అన్న మాటకు ఎదురుగా 'ష్యూర్లీ' అని ఉంటే, 'రేపు తెక్కిరి వాన పడుతుంది' అని వాక్యం రాశాను. మేడమ్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు. ఎందుకు తప్పో ఆవిడ ఇంగ్లిష్‌లో చెప్పింది నాకు సగమే ఎక్కింది.

ఆ రాత్రి ఇంటికి వెళ్లేసరికి అమ్మ క్యారేజీ కట్టి ఉంచింది. పై గిన్నెలో గోంగూర పప్పు, ఇంకా వేడిగానే ఉంది. నన్ను చూసి, "అయ్యో, ఇవాళ నీకు నైట్ డ్యూటీయే అనుకున్నానే!" అంది. అదే తెక్కిరి! జపనీస్‌లో 'తెక్కిరి యకిన్ ద తొ ఒమొత్తె ఇత'. యకిన్ అంటే నైట్ డ్యూటీ. 'తొ' మన 'అని'. 'ఒమొత్తె ఇత' అంటే అనుకుంటూ ఉన్నాను. మాటల వరస కూడా మనదే. గట్టిగా నమ్మి, తీరా అది కాదని తెలిశాక అనే మాట. రేపటి వానకు అది ఎలా పనికొస్తుంది?

ఇది మార్కుల గొడవ కాదు. అక్కడ ఒక పెద్దాయన 'తెక్కిరి కుసురి ఒ నొంద తొ ఒమొత్తె ఇత' అన్నారనుకోండి. 'మందు వేసుకున్నాననే అనుకున్నానమ్మా' అని, అంటే వేసుకోలేదని. 'ష్యూర్లీ' అని బట్టీపట్టిన నర్సు, వేసుకున్నారని చార్టులో రాసేస్తే? తలుచుకుంటేనే నాకు టెన్షన్ వస్తుంది.

'మసాకా' కూడా అంతే. 'మసాకా వసురెత న్ జా నయి దెశో నె' అన్నదానికి ఇంగ్లిష్‌లో అరపేజీ వివరణ ఉంది. మనకు 'కొంపదీసి మరిచిపోలేదు కదా!' అంటే చాలు. ఆ లేదు, ఆ కదా కూడా అక్కడున్నట్టే ఉన్నాయి. నిలదీసినట్టుండే ఆ ధోరణి కూడా అదే, కాబట్టి పెద్దవాళ్ల దగ్గర 'మసాకా', 'కొంపదీసి' రెండూ ఆచితూచి వాడాల్సినవే.

జపనీస్ నేర్పే సంస్థలకు నా విన్నపం ఒక్కటే. అర్థాలు తెలుగులో ఇవ్వండి, ఉదాహరణలు మన ఇళ్లలో వినబడే మాటల్లోంచి తీయండి. మీ పత్రిక ఆదివారం పేజీలో వారానికి పది జపనీస్ మాటలు తెలుగు అర్థాలతో వేస్తే, కత్తిరించి నోట్సులో అతికించుకునే వాళ్లలో నేను మొదటిదాన్ని.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
విజయవాడ