కొత్త కత్తి, దాని ఒర గురించి అబ్బాయికి

వెస్టెరోస్, స్వీడన్

చిరంజీవి అనిరుధ్‌కు అమ్మ ఆశీస్సులు.

అడవి నడకలకు కావాలని నీవు అడిగిన కత్తి వచ్చింది. నీ చేతికి ఇచ్చే ముందు దాని గుణం తెలుసుకోవాలనిపించి, మన కట్టెల పాక దగ్గర కూర్చుని రకరకాల పనులకు వాడి చూశాను. నాకు తోచినదంతా రాస్తున్నాను.

ఇది మోరాక్నివ్ వారి గార్‌బెర్గ్. ఇక్కడి దలార్నా ప్రాంతంలోని మోరా ఊరి దగ్గర 1891 నుంచి కత్తులు చేస్తున్న సంస్థ వారిది. మీ నాన్నగారు తోటపనికి వాడే ఎర్ర చెక్కపిడి కత్తి కూడా మోరాదే కానీ, రెండింటికీ పోలిక తక్కువ. ఇందులో ఉక్కు పిడి మధ్యలో ఆగిపోకుండా చివరి వరకూ సాగి, అడుగున బయటికి కనిపిస్తుంది. అలుగు పొడవు 109 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. ఉక్కు 14సి28ఎన్ అనే తుప్పు పట్టని రకం. పిడి నల్లని ప్లాస్టిక్ కావడం వల్ల చూడగానే మనసు పడే వస్తువు కాదు. అయితే చెయ్యి తడిపి పట్టుకున్నా జారలేదు కనుక అందం గురించిన నా ఫిర్యాదును వెనక్కి తీసుకున్నాను.

నాకు అన్నిటికన్నా నచ్చినది అంచును తీర్చిన పద్ధతి. వంటింటి కత్తి పైనుంచి కిందికి క్రమంగా పలచబడుతూ వస్తుంది. ఇది మాత్రం సగం వెడల్పు వరకూ ఒకే మందంతో వచ్చి, అక్కడి నుంచి రెండు వైపులా ఏటవాలుగా దిగి అంచు దగ్గర కలుస్తుంది. ఆ ఏటవాలు భాగం చెక్క మీద ఆని, కత్తి ఎంత లోతుకు దిగాలో చేతికి తానే చెబుతుంది. నూరేటప్పుడు కూడా ఆ భాగాన్ని సానరాయి మీద పూర్తిగా ఆనించి కదిపితే చాలు, కోణం కోసం తడుముకోనక్కరలేదు. సానరాయిని ముట్టుకోవడానికే భయపడే నీవంటి వాడికి ఇంతకన్నా సులువైన కత్తి దొరకదనుకుంటాను.

నిప్పు రాజేయడానికి ఎండిన బిర్చ్ చెట్టు పుల్లను పలచగా చెక్కుతూ, ఆ పొరలు ఊడిపోకుండా పుల్ల చివరనే చుట్టలు చుట్టుకునేలా చేయడం మొదట నాకు పట్టుబడలేదు. కత్తిని ముందుకు తోస్తున్నంతసేపూ పొరలు తెగి రాలిపోయాయి. తరువాత కత్తి పట్టిన చేతిని మోకాలికి ఆనించి కదలకుండా ఉంచి, పుల్లనే వెనక్కి లాగాను. కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగినట్టే అనిపించింది; అక్కడా కదిలేది కూరగాయే కదా. పైగా పదును నా వైపు రాదు కనుక భయమూ లేదు. నీవు కూడా ఇలాగే మొదలుపెట్టు. ఒళ్ళో పెట్టుకుని మాత్రం ఎన్నడూ చెక్కవద్దు, తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది.

పదును లేని పైఅంచు నిక్కచ్చిగా లంబకోణంలో ఉండడం వల్ల, ఫెర్రో రాడ్ (గీస్తే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ) మీద దానితో గీస్తే నిప్పురవ్వలు ధారాళంగా రాలాయి. కత్తిని కట్టె మీద ఆనించి, దాని వీపు మీద దుడ్డుకర్రతో కొట్టి సన్నని కట్టెలు కూడా చీల్చాను. కత్తి తట్టుకున్నది కానీ, గొడ్డలి ఉన్న ఇంట్లో ఆ పని కత్తికి అప్పగించడం నాకు నచ్చదు.

ఇక ఒర. ఇదే కత్తి ప్లాస్టిక్ ఒరతో కూడా వస్తుంది. నేను తోలుది ఎంచుకున్నాను. పిడి మీదుగా పట్టీ వచ్చి గుండీతో బిగుస్తుంది, నడిచేటప్పుడు చప్పుడు ఉండదు. కొత్త తోలు కనుక బిగువుగా ఉంది, వాడుతుంటే కత్తి ఆకారానికి సర్దుకుంటుంది. లోపలికి పెట్టేటప్పుడు పదును లేని వైపు ఒరకు రాసుకునేలా మెల్లగా జార్చాలి. ఒర పట్టుకున్న చేతి వేళ్ళు పదును ఉన్న వైపుకు రాకూడదు, ఎందుకంటే లోపలి నుంచి తోలు తెగితే తరువాత తెగేది వేలే. చూడకుండా ఒరలో పెట్టే దర్జా సినిమాల్లో వాళ్ళకు వదిలెయ్యి.

తోలుకు ఉన్న చిక్కు తడి. నీవుండే ఉమియో ఊరి మంచులో అది నానితే, గాలికి నీడలో ఆరనివ్వు. పొయ్యి దగ్గర పెడితే ముడుచుకుని గట్టిపడిపోతుంది. నెలల తరబడి వాడనప్పుడు కత్తిని ఒరలో ఉంచవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తుప్పు పట్టని ఉక్కు అన్నా ఎల్లకాలమూ తట్టుకుంటుందని కాదు.

ఊళ్ళో దీనిని నడుముకు కట్టుకుని తిరగరాదు. సరైన పని లేకుండా బహిరంగ స్థలాల్లో కత్తి దగ్గర ఉంచుకోవడాన్ని 1988 నాటి చట్టం ఇక్కడ నిషేధించింది. రైల్లో వెళ్ళేటప్పుడు సంచి అడుగున ఉంచి, అడవికి చేరాకే బయటికి తియ్యి. అడవిలో తిరిగే హక్కు అందరికీ ఉన్నా, బతికున్న చెట్టు కొమ్మను కానీ బిర్చ్ బెరడును కానీ కోసే హక్కు లేదు. అందుకే చెక్కడం నేర్చుకోవడానికి మన పాకలోని బిర్చ్ కట్టెలు కొన్ని విడిగా తీసి ఉంచాను.

కత్తిని పోస్టులో పంపను, సెలవులకు వచ్చినప్పుడు తీసుకువెళుదువు గాని. ఈలోగా నీ బెల్టు వెడల్పు కొలిచి రాయి. ఒర వెనుక ఉన్న పట్టీలో అది దూరకపోతే నీవు వచ్చేలోపే వేరే బెల్టు చూస్తాను.

ప్రేమతో,
అమ్మ