యాకోబు వాళ్ళమ్మ సంగతి ఎవ్వరు అడగరు మామా

ఏం మామా, ఎట్లున్నవ్ రా. నీ వాయిస్ మెసేజ్ విన్న. ఫోన్ చేద్దామనుకున్న గని ఫోన్ల అయితే నేను ఏదో ఒక ఓదార్పు మాట అనేసి పెట్టేస్త, అది నీకు ఇంకా కాల్తది. అందుకే కూసొని టైప్ చేస్తున్న. పొడుగైతది, ఓపికున్నప్పుడు చదువు.

నీ తమ్ముడు పోయినంక నువ్వు చర్చికి పోతలేవని మీ అమ్మ చెప్పింది గని ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఉపవాసాలున్నరు, ఆల్‌నైట్ ప్రేయర్లు పెట్టిన్రు, పాస్టరయ్య ఐసీయూ బయట నూనె సీసా పట్టుకొని నిలబడ్డడు, అయినా వాడు పోయిండు. అదే వార్డులకెల్లి ఇంకొకళ్ళ కొడుకు మంచిగై ఇంటికొచ్చిండు, ఆదివారం వాళ్ళు సాక్ష్యం చెప్తుంటే చర్చి మొత్తం చప్పట్లు కొట్టిన్రు, అండ్ల మీ అమ్మ సుత కొట్టింది. "మా అమ్మకు చేతులెట్ల లేసినయ్ రా" అన్నవ్ సూడు, ఆ మాట కాడ్నే నేను ఆగిపోయిన.

జవాబు నా దగ్గర లేదు మామా. గని బైబిల్ల అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఒకసారి తియ్యి. యేసు శిష్యుడు పేతురు జైలుకెల్లి బయటికొచ్చిన కథ మనకు సండేస్కూల్ కాడికెల్లి తెలుసు, సంకెళ్ళు ఊడినయ్, ఇనుప గేటు దానంతటదే తెరుచుకున్నది, మస్తు చెప్పిన్రు. గని ఆ అధ్యాయం మొదలయ్యేది పేతురుతోని కాదు. హేరోదు రాజు ముందుగాల యాకోబును కత్తితోని చంపించిండు. జెబెదయి కొడుకు, యోహాను వాళ్ళ అన్న, యేసు వెంబడి మొదట్ల పోయినోళ్ళల్ల ఒకడు. ఒక్క వచనం, అంతే. తర్వాత కథ శానమట్టుకు పేతురుదే. ఒకర్ని విడిపిచ్చి ఒకర్ని ఎందుకు విడిపియ్యలేదో ఈ పుస్తకం రాసిన లూకా ఒక్క ముక్క చెప్పడు. వేరేటోళ్ళయితే ఏదో ఒక కారణం అతికిచ్చేటోళ్ళే, ఆయన అతికియ్యలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చుతది.

ఇంకోటి. నీకు ఎవరో "విశ్వాసం తక్కువైంది బ్రదర్" అన్నరంట గదా. ఆయనకు ఇదే అధ్యాయం సూపెట్టు. పేతురు కోసం మార్కు వాళ్ళమ్మ మరియ ఇంట్ల అందరు కూడి ప్రార్థన చేస్తున్నరు, పేతురు వచ్చి తలుపు కొట్టిండు, రొదే అనే పోరి గొంతు గుర్తువట్టి, సంతోషంల తలుపు తియ్యకుండనే లోపటికి ఉరికి చెప్తే వీళ్ళేమన్నరు, నీకు పిచ్చి లేసింది అన్నరు. అడిగిందే వీళ్ళు, వచ్చినంక నమ్మంది వీళ్ళే! మరి ఇది ఏ లెవల్ విశ్వాసం? ఆ కాస్త విశ్వాసానికే జైలు తలుపు తెరుచుకుంటే, మీ ఉపవాసాలు ఏం తక్కువైనయ్ రా? యాకోబుకు విశ్వాసం తక్కువుండె అని ఎక్కడన్న రాసిండా? ఆ కొలతలు తీసేటోళ్ళ మాట పట్టించుకోకు, నేనైతే మొహమ్మీదనే అంట.

నాకు ఎప్పుడు యాకోబు వాళ్ళమ్మ మీదికే పోతది మనసు. ఆమె ఎవరో యాదుందా? నా ఇద్దరు కొడుకుల్ని నీ కుడి పక్కన ఒకడ్ని ఎడమ పక్కన ఒకడ్ని కూసోవెట్టుకో అని యేసును అడిగిన తల్లి. సిలువ కాడ సుత ఆమె ఉన్నదని మత్తయి రాసిండు. పేతురు బయటికొచ్చిన రాత్రి వరకు ఆమె బతికున్నదో లేదో బైబిల్ల లేదు. ఉండి ఉంటే? పేతురు వచ్చిండంట అని పక్కింటోళ్ళు ఉరుక్కుంట వచ్చి చెప్తే ఆమె ఏమన్నదో... సంతోషపడే ఉంటది, ఏడ్చే ఉంటది, రెండు ఒక్క పాణంల పడ్తయ్. మీ అమ్మ చప్పట్లు గసొంటియేనేమో మామా. దేవుడు మంచిగ చేసిండని కొట్టిన చప్పట్లు కావేమో, పక్కోళ్ళ పోరడు బతికిండని కొట్టినయేమో. నువ్వే అడుగు, ఆమెను తిట్టకుండ అడుగు.

మా నానమ్మ నీకు తెలుసు. మర్రిగూడ దిక్కు బోరు నీళ్ళు తాగి తాగి ఎముకలు గట్టివడి నడుము వంగిపోయింది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటొద్దంటరు, మా దిక్కు ఎన్నో బోర్లల్ల అది ఎప్పుడో దాటిపాయె. ప్రతి శుక్రవారం కూడికల తన నడుము కోసం ప్రార్థన చెయ్యిమనేది. నడుము లేవలే. తర్వాత్తర్వాత "పోరగాండ్లకు మంచినీళ్ళియ్యి ప్రభువా" అని ఒక్కటే అడిగేది. కృష్ణా నీళ్ళు ఇంటికి నల్లాలల్ల వచ్చినయ్, గని ఆమె సమాధి అయినంక. అది ఆమె ప్రార్థనకు జవాబేనని మా చిన్నాయన సాక్ష్యం చెప్తడు. నేనైతే గట్ల చెప్పలేను, ఎందుకంటే ఆ నీళ్ళ కోసం ఎంతమంది ధర్నాలు చేసిన్రో, వంకర కాళ్ళ పిల్లల్ని ఎత్తుకొని ఢిల్లీ దాక పోయిన్రో నాకు తెలుసు. గని ఆమె అడుగుడు మాత్రం ఆపలే. కోపమొచ్చిన రోజు "ఏం దేవుడివయ్యా" అని గట్టిగ అనేది, మళ్ళ పండుకునే ముందు పాట అందుకునేది. ఆమె దగ్గర నేను నేర్సుకున్న విశ్వాసం గిదే, దేవునితోని మాట బంద్ చెయ్యకపోవుడు.

నువ్వు సుత బంద్ చెయ్యకు. తిట్టు. 88వ కీర్తన చదువు, మొత్తం గొడవే, చివరాఖరికి చీకట్లనే ఆగిపోతది, లాస్టుకు స్తోత్రం సుత లేదు, అయినా దాన్ని బైబిల్ల ఉంచిన్రు. అపొస్తలుడు పౌలు సంగతి జూడు, ఎఫెసు పట్నంల ఆయన ఒంటి మీది రుమాళ్ళు తీస్కపోయి మీద వేస్తే రోగాలు పోయినయ్ అంటరు, అదే ఎఫెసు మనిషి త్రోఫిము జబ్బుపడితే మిలేతు అనే ఊర్ల వదిలేసి వచ్చిన అని ఆయనే తన శిష్యుడు తిమోతికి రాసిండు. వివరణ లేదు, సిగ్గు సుత లేదు.

సరే, శనివారం వస్తున్న, దేవరకొండ, కల్వకుర్తి మీదికెల్లి బస్సుల్ల. అమ్మకు చెప్పు జొన్న రొట్టె చాలు, కోడి కొయ్యొద్దని. ఆదివారం అమ్మను చర్చికి నేను తీస్కపోత, నువ్వు రావాలనిపిస్తే రా, లేకుంటే బయట చాయ్ బండి కాడ కూసో, అయిపోయినంక నేనే అక్కడికొస్త. ఆ "బ్రదర్" కనిపిస్తే జర నాకు సూపెట్టు.

నీ దోస్తు
నల్లగొండ కెల్లి